తట్టుకునే ఒళ్లు ఎవరి కోసం?

రుద్రారం మీదుగా పోయే షిఫ్టు బస్సుల్లో నారాయణఖేడ్ వైపు తాండాల నుంచి వచ్చిన మనవాళ్లు కనిపిస్తారు. బాయిలర్ దగ్గరో, రేకుల షెడ్డులోనో పని అప్పజెప్పేటప్పుడు మేస్త్రీలు ఒక మాట అంటుంటారు: "తాండావాళ్లు గట్టోళ్లు, ఎండకు తట్టుకుంటారు." ఆ మాటకు మనమూ మురిసిపోయాం. అది మెప్పా, మోసమా?

బయట 42 డిగ్రీల ఎండ కాసినా మన ఒళ్లు లోపలి వేడిని 37 దగ్గరే నిలుపుకోవాలని చూస్తుంది. దీన్నే సమస్థితి అంటాం. 1926లో వాల్టర్ కానన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీనికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. ఈ నిలకడ ఊరికే రాదు. వేడి పెరిగితే రక్తం చర్మం వైపు మళ్లుతుంది, పేగులకూ మూత్రపిండాలకూ అందేది తగ్గుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కానీ బరువు పనిలో గంటకు లీటరు నీరు, దానితో ఉప్పు పోవచ్చు. అంటే ఒకచోట కోత పెట్టి మరోచోట నిలబెట్టడమే.

ఎండకు అలవాటు పడ్డ ఒంటికి చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. అలాంటి ఒంటికి కావలసిన నీళ్లు ఎక్కువే గానీ తక్కువ కాదు. "గట్టోళ్లు" అని నీళ్లు, నీడ, విశ్రాంతి తగ్గించేవారు లెక్కను తలకిందులు చేస్తున్నారు. మరుగుదొడ్డి లేని చోట మన ఆడవాళ్లు దాహాన్ని అణచుకుని పని చేస్తారు. దాన్ని కూడా ఓర్పు అని పొగుడుతారు. లోపలి వేడి 40 దాటితే గట్టోడూ కూలిపోతాడు.

ఈ ప్రాంతపు నక్కవాగునూ ఇలాగే చూశారు. ఎంత మురుగు వదిలినా మోస్తుందనుకున్నారు. వాగు చెడింది, పొలాలు చెడ్డాయి, 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా పోయింది. వాగుకైనా ఒంటికైనా ఓర్పుకు హద్దు ఉంది.

తట్టుకునే శక్తి ఒంటికి ఉన్నది తాను బతకడానికి, ఇంకొకరి ఖర్చు తగ్గించడానికి కాదు. పంతుళ్లు సమస్థితి పాఠం చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. పనికి పోయే పిల్లలు సిగ్గుపడకుండా నీళ్లు అడగాలి. అలా అడగడం బలహీనత కాదు. ఒళ్లు లోపల రాత్రింబవళ్లు చేస్తున్న పనికి మనం ఇచ్చే మర్యాద అది.