తల ఒకరిది, మొండెం ఒకరిది

మన ఊళ్లలో ఆడవాళ్ల గురించి 'క్యారెక్టర్' అనే మాట వాడితే దానికి ఒకటే అర్థం. 'ఆమె క్యారెక్టర్ మంచిది కాదు' అన్నారంటే ఆమె అబద్ధాలాడుతుందనో, అప్పు ఎగ్గొడుతుందనో కాదు. మగవాడికి ఆ మాట అంత తేలిగ్గా అంటుకోదు. పోనీ 'పాత్ర' అందామా అంటే అదీ చిక్కే. పాత్ర అంటే గిన్నె, నాటకంలో వేషం కూడా. దాన్నుంచే పాత్రత వచ్చింది. దానం పుచ్చుకోవడానికైనా, చదువు నేర్వడానికైనా ఎవరు అర్హులో తేల్చే మాట అది. ఎవరి పాత్రత ఎంతో పుట్టుకే నిర్ణయించిన చోట, ఒక ఆట తెర మీదికి రాగానే 'నీ పాత్రను నువ్వే తయారు చేసుకో' అంటే ఒక ఆడపిల్ల ఏం తయారు చేసుకుంటుంది? ఆ తయారీలో ఆమెకున్న స్వేచ్ఛ ఎంత?

నేను మాట్లాడుతున్నది ఫాంటసీ రోల్ ప్లేయింగ్ వీడియో గేముల గురించి. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానివి, నీకు ఈ ఆటలతో ఏం పని అని అడిగినవాళ్లున్నారు. పురాణాల మీద పరిశోధన చేసేవాళ్లను ఆ మాట ఎవరూ అడగరు. ఈ ఆటల్లో పెద్ద కల్పిత దేశం ఒకటి ఉంటుంది. కథ ఉంటుంది కానీ ఆ దారినే నడవాలని లేదు. కొండెక్కొచ్చు, ఊరూరా తిరగొచ్చు, ఎవరింట్లోనో అలమరలో ఉన్న పుస్తకం తీసి అక్కడే చదువుకుంటూ కూర్చోవచ్చు. నల్లగొండలోనో పాలమూరులోనో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే అమ్మాయి పొద్దుగూకాక గేటు దాటలేదు. వెన్నెల్లో ఒంటరిగా అడవి దాటిపోయే ఆడమనిషి బొమ్మ ఆమెకు ఏమిస్తుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. సంగతి అంతవరకే అయితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

'ఎల్డర్ స్క్రోల్స్' వరసలో 2002లో వచ్చిన మోరోవిండ్, 2006లో వచ్చిన ఆబ్లివియన్ తీసుకుందాం. ఆడేవాళ్లు ముందు జాతిని ఎంచుకోవాలి. పది జాతులు. ఒకరికి పుట్టుకతోనే మంత్రవిద్య, ఒకరికి కత్తి, ఒకరికి దొంగతనం. తర్వాత ఆడా మగా. బ్రెటన్ అనే జాతిలో మగవాడికి బలం 40 అయితే ఆడదానికి 30. వేగంలో అతనికి 30, ఆమెకు 40. మొత్తం కూడితే ఇద్దరికీ సరిసమానం. ఈ లెక్క చూడగానే నాకు మన పెద్దల మాటలు గుర్తొచ్చాయి. ఆయనది బలం, ఆమెది ఓర్పు, ఎవరి గొప్ప వారిది, మొత్తం మీద తక్కువెవరు? కూడిక సరిపోయిందని చూపించి తీసివేతను దాచేసే పద్ధతి అన్నిచోట్లా ఒకటే. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలన్నిటికీ తల్లివేరు. 1978 నాటి దాని నియమాల పుస్తకంలో ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. ఆడపాత్ర బలానికి పైహద్దు గీసేశారు.

ఇవి మారాయి, మారలేదని అనను. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో ఆ అంకెల పట్టికే తీసేశారు. 2025లో ఆబ్లివియన్‌ను కొత్తగా తెచ్చినప్పుడు ఆడ, మగ అనే మాటలు పోయి ఒకటో రకం శరీరం, రెండో రకం శరీరం అని వచ్చాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024 పుస్తకంలో 'రేస్' అన్న మాట తీసేసి 'స్పీషీస్' అన్నారు. పుట్టుకతో వచ్చే అదనపు బలాలను అక్కణ్ణుంచి తీసి, ఆ పాత్ర ఆటలోకి రాకముందు ఏం పని చేసేదో దానికి తగిలించారు. మంచిదే. కాకపోతే వృత్తే కులమైన నేల మీద నిలబడి చూసేవాళ్లకు ఈ సవరణ కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

అంకెల కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఒక ఊరి గోడ. స్కైరిమ్‌లో ఖజీత్‌లని పిల్లిముఖం మనుషులు ఉంటారు. బిడారుగా తిరుగుతూ సరుకులమ్ముకుంటారు. వాళ్లను దొంగలంటారు, పట్నం లోపలికి రానివ్వరు. గోడ బయటే డేరాలు. విండ్‌హెల్మ్ అనే పట్నంలో బల్లి రూపం మనుషులు రేవులో మూటలు మోస్తారు. కూలి తక్కువ, కాపురం గోడ బయట. ఊరు, వాడ తెలిసినవాళ్లకు ఇదంతా వివరించే పని లేదు. దీన్ని రాసినవాళ్లు పాలమూరు చూడలేదు, కానీ వెలి ఎలా ఉంటుందో సరిగ్గానే గీశారు.

వాడ నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకమ్మాయి ఆ డేరాలు చూసి, 'గీళ్లు మా వాడోళ్ల లెక్కనే ఉన్నరు గద మేడం' అంది. ఆమె ఎంచుకున్నదీ పిల్లిముఖం పాత్రే. నేరుగా గేటులోంచి పట్నంలోకి పోయింది. కాపలావాడు ఆపలేదు. కొంతసేపటికి ఆగి, 'మరి నన్నెట్ల రానిచ్చిన్రు?' అని అడిగింది.

ఆట తయారుచేసినవాళ్ల తరఫున జవాబు సులభం. గేటు దగ్గర ఆపేస్తే ఆట సాగదు. పిల్లిముఖం పెట్టుకున్నవాళ్లూ పట్నంలో ఇల్లు కొనుక్కోవాలి, దొర చేత బిరుదు పొందాలి. నైతికంగా మాత్రం జవాబు అంత సులభం కాదు. ఆట ఆ జాతి దేహాన్ని మనకిస్తుంది, ఆ దేహానికి అంటుకున్న బతుకునివ్వదు. వెలిలో పుట్టని మనిషి ఆ దేహాన్ని తొడుక్కుని, గోడ దాటి, ఆ అనుభవం తనకూ తెలిసిందనుకుని లేచిపోవచ్చు. పేదరాలి పాత్రలో ఒదిగిపోయిందని మనం మెచ్చుకునే సినిమా నటి సంగతి లాంటిదే ఇది. కానీ అదే దేహాన్ని ఈ అమ్మాయి తొడుక్కుంటే అర్థం మారిపోతుంది. అడ్డగించని గేటు ఆమెకు గంటసేపు ఊరట. ఒకే మీట, ఒకే పాత్ర, ఒకే దారి. ఒకరికి సులభమైన పుణ్యం, ఇంకొకరికి కాస్త ఊపిరి. అందుకే పాత్రను ఎంచుకోవడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నను ఆటలోపల తేల్చలేమనుకుంటాను. వేషం విప్పాక ఎక్కడికి తిరిగి వెళ్తారన్నది చూడాలి.

తెలంగాణలో వేషం విప్పిన తర్వాతి బతుకును చిందు కళాకారులంత బాగా ఎరిగినవాళ్లు లేరు. మాదిగల మీద ఆధారపడి యక్షగానం ఆడే కులం వాళ్లది. చాలా కళారూపాల్లో ఆడవేషం మగవాళ్లు కడితే చిందులో ఆడవాళ్లే ఆడతారు. నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ ఆడ వేషాలూ మగ వేషాలూ వేసి పేరు పొందారు. రాత్రి ఎల్లమ్మ తల్లిగా వచ్చిన మనిషికి ఊరంతా మొక్కుతుంది. తెల్లవారితే ఆమె మళ్లీ ఊరి బయటి మనిషి. ఆటలోని పిల్లిముఖానికి ఇది తలకిందులు. అక్కడ కిందికి దిగి వేషం కడతారు, ఏ నష్టమూ తగలదు. ఇక్కడ పైకెక్కి కడతారు, ఏ లాభమూ మిగలదు.

వాళ్లే ఆడే జాంబపురాణంలో జాంబవంతుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. భూమి పుట్టకముందే పుట్టినవాణ్ని నేను, నువ్వు నాకన్నా వెనకవాడివి అంటాడు. పుట్టుకే అన్నిటికీ ఆధారమైతే ఆ పుట్టుక కథనే తిరగరాయడం. ఆటలాడేవాళ్లు 'లోర్' అని పిలిచేది దీన్నే, మన మాటలో ఐతిహ్యం. పాత్రను తయారు చేసుకోవడం కన్నా ఈ వాదమే నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. పాత్ర దగ్గర మనం ఇచ్చిన గళ్లలోంచి ఒకటి ఏరుకుంటాం. ఐతిహ్యం దగ్గర ఆ గళ్లు ఎవరు గీశారని అడుగుతాం.

ఎల్డర్ స్క్రోల్స్‌లో బారెన్జియా అనే రాణి ఉంది. ఆమె జీవితం మీద ఆటలోనే రెండు రకాల పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి ఆస్థాన లేఖకుడు రాసిన మర్యాదైన జీవితచరిత్ర. రెండోదాంట్లో ఆమె దొంగలతో తిరిగింది, ప్రేమించింది, చక్రవర్తి వల్ల గర్భవతి అయితే అతనే ఆ బిడ్డను పోగొట్టించాడు. ఏది నిజమో ఆట తేల్చదు. ఆడేవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుకుంటూనే ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివినవాళ్లకు ఈ కొట్లాట కొత్త కాదు. నల్లగొండ పోరాటం మీద నాయకులు రాసిన పుస్తకాల పక్కన ఆడవాళ్లు చెప్పిన మాటలు పెట్టి చూస్తే ఒకే పోరాటం రెండుగా కనిపించింది కదా.

మన దగ్గర కొట్లాడాల్సిన ఐతిహ్యం ఎల్లమ్మది. పరశురాముడు తల్లి రేణుక తల నరికాడు, ఆమెతో పాటు మాతంగి తలా తెగింది. బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. కథనాలు చాలా ఉన్నాయి, ఒకదాంట్లో రేణుక తల మాదిగ స్త్రీ మొండేనికి అతుక్కుంది. పాత్ర నిర్మాణం అంటే ఇంతకన్నా ఏముంటుంది? తలను ఒకచోట నుంచి, దేహాన్ని ఇంకోచోట నుంచి తెచ్చి కలిపారు, ఇద్దరిలో ఒక్కదాన్నీ అడగలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోదే అయిన అలంపురంలో తల ఉండాల్సిన చోట పద్మం చెక్కిన నగ్న దేవతా శిల్పం ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఈ కథే మెదులుతుంది, శిల్పశాస్త్రం తెలిసినవాళ్లు ఒప్పుకోకపోయినా.

ఈ ఐతిహ్యం ఆట కాదు. ఇదే ఎల్లమ్మ పేరు చెప్పి అదే జిల్లాలో దళిత ఆడపిల్లలను జోగినులను చేశారు. దేవత పెళ్లాడిందన్నారు, ఊరి మగవాళ్లకు వదిలేశారు. 1988లో చట్టం దాన్ని నిషేధించింది. ఆ పిల్లకు ఇచ్చిన పాత్రలో ఏరుకోవడానికి ఏమీ లేదు, విప్పి లేచిపోవడానికీ లేదు. కథను ఎవరు చెప్పుకుంటున్నారన్నది ఇంత దూరం వస్తుంది కాబట్టే లోర్ చర్చను పనిలేనివాళ్ల కాలక్షేపమని కొట్టేసే మేధావులతో నాకు పేచీ.

తరగతిలో ఎల్లమ్మ కథ చెప్పుకున్నప్పుడు అమ్మాయిలు ఒక్కొక్కరు తమ ఊరి కథనం తెచ్చారు. అన్నిట్లోనూ ఎల్లమ్మ ఏమైందో ఉంది. రెండో ఆమె, మాతంగి తల మీద రేణుక మొండెంతో లేచినామె ఏ ఇంటికి పోయింది? జమదగ్ని ఇంటికా, వాడకా? ఎవరి పిల్లలు ఆమెను అమ్మా అన్నారు? జమిడికె మీద ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల పెద్దాయన ఒకరిని అడిగాం. 'గది వేరే కథమ్మా, దానికి ఇంకో రాత్రి గావాలె' అన్నాడు. అమ్మాయిలు ముగ్గురు ఆయన్నుంచి తారీఖు తీసుకున్నారు. రాత్రికి హాస్టల్ బయట ఉండటానికి అనుమతి కోసం అర్జీ పెట్టారు.