కళ్లారా చూసినదంతా సత్యమేనా?

“నేను కళ్లారా చూశాను, ఇంకా సందేహమేమిటి?” అని మనం ఎంతో ధీమాగా అంటుంటాం. కాని చూపుకు, సత్యానికి మధ్య మన మనసు కూడా ఉంటుందన్న సంగతి మరచిపోతుంటాం.

ఈ విషయంలో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ వర్దింగ్టన్ అనుభవం మనకు కనువిప్పు కలిగిస్తుంది. కింద పడిన ద్రవబిందువు ఎలా చిందుతుందో తెలుసుకోవాలని ఆయన 1870ల నుంచి పరిశోధించారు. చీకటి గదిలో పాలచుక్కనో, పాదరసపు చుక్కనో జారవిడిచేవారు. కోరుకున్న క్షణంలో విద్యుత్తు మెరుపు మెరిసేది. ఆ వెలుగులో కనిపించిన రూపాన్ని వెంటనే కాగితం మీద గీసేవారు. ప్రతిసారీ మెరుపును మరికొంచెం ఆలస్యం చేస్తూ, ఒక్కొక్క దశనూ చిత్రించారు. ఆయన ప్రచురించిన బొమ్మలు ఎంతో అందంగా, అన్ని వైపులా సమానంగా ఉండేవి.

1894 నాటికి ఆ మెరుపులోనే ఫోటో తీయడం సాధ్యమైంది. తీరా చూస్తే ఫోటోలలోని చుక్కలు అంత సమానంగా లేవు. ఒకవైపు అంచు ఎత్తుగా ఉంటే మరోవైపు విరిగి ఉంది. మరి ఇన్నేళ్లూ ఆయన అబద్ధం చెప్పారా? లేదు. పాత కాగితాలు తిరగేస్తే వంకర రూపాలు కూడా గీసే ఉన్నాయి. అవి పొరపాటున అలా పడ్డాయనుకుని, తన మనసులోని చక్కని రూపానికి దగ్గరగా ఉన్నవాటినే ఎంచుకున్నారు. ఆయన గొప్పతనమేమిటంటే, ఈ సంగతిని దాచుకోకుండా తానే బహిరంగంగా ఒప్పుకున్నారు.

నేడు సెకనుకు లక్షల చిత్రాలు తీసే కెమెరాలున్నాయి. ఇక మన తీర్పులో పొరపాటు జరగదా? 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఆలోచింపజేస్తుంది. ఒకే హింసాత్మక ఘటన వీడియోను కొందరు మామూలు వేగంతో, మరికొందరు నెమ్మదిగా చూశారు. నెమ్మదిగా చూసినవారే ‘అతను కావాలనే చేశాడు’ అని ఎక్కువగా భావించారు. కదలిక నెమ్మదించేసరికి, ఆ మనిషికి ఆలోచించుకునే వ్యవధి దొరికిందని వారికి అనిపించింది. కెమెరా కదలికను చూపగలదు, సంకల్పాన్ని చూపలేదు.

బంధువుల ఇంట్లో ఒకరి ముఖం క్షణకాలం ముడుచుకుంటే చాలు, ‘నన్ను చూసే అలా చేసింది’ అని తీర్మానించేస్తాం. నలుగురికీ చెప్పేస్తాం. అందులో మనం చూసినదెంత? ఊహించుకున్నదెంత? ఆమె ఆదరంగా పలకరించిన రోజులను లెక్కలోకి తీసుకున్నామా? ఒకరి మీద సాక్ష్యం చెప్పే ముందు, మనం పక్కన పెట్టేసిన కాగితాలను ఒకసారి తిరగేద్దాం. పొరపాటు బయటపడితే, దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడకుండా ఉందాం.