అదనపు గంట ఎవరిది?

"కూలి ఇచ్చితిమి, పని పుచ్చుకొంటిమి, ఇంకేమి బాకీ?" అని యజమాని అడుగవచ్చును. ఖాతాలో జమాఖర్చులు సరిపోయినంత మాత్రమున ధర్మము సరిపోవునా అనునదే ప్రశ్న.

షోలాపురమున 1877లో మొదటి బట్టల మిల్లు వెలసినది. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు అచటి మగ్గములకు ప్రాణము పోసినవి. ఆ ఊరి దుప్పట్లు, తువాళ్లు దేశమంతటికి పోవుచున్నవి. మగవాడు మరమగ్గము వద్ద నిలువగా, ఇల్లాలు ఇంట తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుట ఆ వీధులలో పరిపాటి. పని గంటలు సాగినప్పుడు, తండ్రి బయలుదేరు వేళకు బిడ్డ లేవదు. తిరిగి వచ్చు వేళకు నిద్రించును. తల్లి ఇంటనే యున్నను ఆమె చేతికి తీరిక లేదు. ఇల్లే కార్ఖానా అయినది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు హద్దు గీచి, అదనపు పనికి రెట్టింపు కూలి విధించినది. దాని స్థానమున 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన స్మృతి, కార్మికుని సమ్మతి లేనిదే అదనపు పని చేయించరాదన్నది. మంచిదే. కాని బియ్యపు కొట్టులో బాకీ యున్నవాడు యజమాని ముఖము చూచి కాదనగలడా? అవసరము పలికించిన "సరే" నిజమైన సమ్మతి కాదు. రెట్టింపు కూలి అలసటకు వెల కట్టగలదు గాని, బిడ్డకు తప్పిన సాయంకాలమునకు కట్టలేదు.

"వాడే అడిగి చేయుచున్నాడు, వద్దనుట వాని నోటికాడి కూడు తీయుట కాదా?" అనువారు కలరు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కూలి కోసి తీరిక ఇచ్చుట దయ కానేరదు. హద్దులోని గంటల కూలితోనే ఇల్లు గడచునట్లు చేయుట న్యాయము.

మిల్లు లేని వర్తకుడు ఇది తనకు సంబంధింపదనుకొనరాదు. శనివారము ఫోను చేసి సోమవారమునకు బేళ్లు కావలెనని పట్టుపట్టినది ఎవరు? డజను తువాళ్లకు రెండు రూపాయలు తగ్గించుమన్నది ఎవరు? ఆ ఆదివారము, ఆ రెండు రూపాయలు ఏదో యొక ఇంటినుండియే వచ్చినవి.

అహింసాణువ్రతమునకు చెప్పబడిన ఐదు అతిచారములలో అతిభారారోపణ మొకటి. బండియెద్దుపై మోయలేని బరువు వేయుటకు జంకు శ్రావకుడు, మనిషిపై మోపిన గంటలను కూడ తూచి చూడవలెను. చిక్కిన తీరికను ఇంటికే చేర్చుట కార్మికుని ధర్మము. ఆ తీరిక చిక్కనిచ్చుట కొనువాని ధర్మము, చేయించువాని ధర్మము.

ఆర్డరు నాలుగు దినములు ముందుగా వ్రాసినంత మాత్రమున వర్తకము చెడదు. ప్రొద్దు గ్రుంకక ముందే బిడ్డలతో భోజనమునకు కూర్చుండు వర్తకుడు, తన సరకు నేసినవాడు ఏ వేళకు ఇల్లు చేరునో ఒక్కసారి తలచుకొనినచో, ఈ ప్రశ్నకు సగము జవాబు అచటనే దొరకును.