బాలింత ఎవరు?

మా నాయనమ్మ మంత్రసాని. నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో పెద్దిండ్ల పిల్లలు ఆమె చేతులమీదనే భూమ్మీద పడ్డరు. బొడ్డు కోసింది, మాయ పాతిపెట్టింది, నెత్తురు గుడ్డలు ఉతికింది. పురుడు అయిపోయిన తెల్లారి ఆమెను అదే ఇంటి అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. బిడ్డ బయటపడేదాక ఆ చెయ్యి కావాలె. పడ్డంక ఆ చెయ్యి అంటు.

పెద్దిండ్లల్ల బాలింతకు ఇరవయ్యొక్క రోజులు మైల. ఆ మైల పేరుతోనైనా ఆమెకు పొయ్యికాడి పని తప్పేది. వేన్నీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, నడికట్టు, కాయం, వెల్లుల్లి కారం అన్నీ మంచం దగ్గరికే వచ్చేవి. మా అమ్మ నన్ను కన్న తొమ్మిదోనాడు నాట్లకు పోయింది. వరిమడికి మైల లేదు గదా! పాలు చేపి రవిక తడిసినా నడుం ఎత్తనిచ్చేవాళ్ళు కాదట.

ఇది అన్యాయమని చిన్నప్పటి నుంచి తెలుసు. అందులో నా చెయ్యి కూడా ఉంటదని మాత్రం 2019లో నేను బాలింతనయినంకనే తెలిసింది.

మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల కుర్చీ దొరకాలని పొద్దుగాలే పోయి, డీఎస్సీకి చదివి, సర్కారు బడిల పంతులమ్మనైన. నారాయణగూడలో ఇల్లు కిరాయికి అడిగితే ‘మీరేమిట్లు?’ అన్నరు. చెప్పంగనే ఇల్లు నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేసినమన్నరు. చివరికి అశోక్‌నగర్‌ల రెండు గదులు దొరికినయి.

నాకు జీతంతో 180 రోజుల సెలవు. సర్కారు కొలువుల మగవాళ్ళకు భార్య కాన్పుకు పదిహేను రోజులుంటది. ప్రైవేటు కాలేజీల చెప్పే నా భర్తకు దొరికింది రెండు రోజులు. కుట్లు సలిపేవి, నిద్ర లేదు. ఏ కారణం లేకుండనే ఏడుపొచ్చేది. అమ్మ ‘గాలి సోకింది’ అన్నది, నీళ్ళు తాగనియ్యలేదు. డాక్టరమ్మ కోప్పడ్డది. పాలిచ్చే తల్లి దప్పికైనన్ని నీళ్ళు తాగాలన్నది. గర్భసంచి మునుపటి లెక్కకు రావడానికి ఆరు వారాల దాకా పడుతదని, ఈ ఏడుపు చాలామందికి వస్తదని, రెండు వారాలు దాటినా తగ్గకుంటే వైద్యం చేయించుకోవాలని చెప్పింది. ఒంటికే కాదు, మనసుకు కూడా పురుడుంటదని మా ఇంట్ల మొదటిసారి విన్నది నేనే.

అమ్మ ఊరికి పోయినంక ఒకామెను పెట్టుకున్నం. నాలా పక్క బస్తీ నుంచి వచ్చేది. ఆమెదీ మా కులమే. బిడ్డకు లాల పోసేది, నాకు నూనె రాసి వేన్నీళ్ళు పోసేది, గిన్నెలు కడిగేది. ఒకరోజు నీళ్ళు పోస్తుంటే ఆమె రవిక ముందరంతా తడిసింది. నీళ్ళు చిందినయనుకున్న.

‘పిల్ల ఏడ్చే యాళ్ళయిందక్కా, పాలు చేపినయి’ అన్నది.

ఆమె బిడ్డకు నలభై రోజులు. ఇంటికాడ చూసుకుంటున్నది పదేండ్ల పెద్దబిడ్డ, నాలుగో తరగతి మానేసి. బడికి రాని పిల్లల ఇండ్లకు పోయి ‘పంపండమ్మా’ అని బతిమిలాడే పంతులమ్మను నేను. నా నడుముకు వేన్నీళ్ళు పడాలని ఒక పిల్ల బడి మానింది.

‘జీతమిస్త, ఇంటికాడ ఉండు’ అన్న. ఆమె నవ్వింది. ‘మీరొక్కరిస్తే మిగిలిన నాలుగిండ్లోళ్ళు ఆగుతరా అక్కా? రెండు దినాలు పోకుంటే ఇంకొకామెను పెట్టుకుంటరు.’

సర్కారు దవాఖానల కంటే విడతలుగా 12,000, ఆడపిల్లయితే 13,000 రూపాయలిచ్చే పథకం 2017లో రాష్ట్రంల మొదలైంది. ఆమెకు వచ్చిన పైసలు ఇంటి కిరాయికి, అప్పుకు పోయినయి. పైసలు చేతికొచ్చినయి గాని సెలవు రాలేదు.

1928లోనే బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ ప్రసూతి బిల్లును బలపరిచిండు. తల్లి విశ్రాంతి దేశానికి అవసరమని, దాని భారం ఎక్కువగా ప్రభుత్వమే మొయ్యాలని, పని చేయించుకునేటోడు కూడా కొంత మొయ్యాలని వాదించిండు. 1929లో ఆ చట్టం మిల్లు కార్మికురాలి దాకా వచ్చింది. 1961 చట్టంలోని పన్నెండు వారాలు 2017లో ఇరవయ్యారు అయినయి. ఇండ్లల్ల పనిచేసే ఆడోళ్ళు మాత్రం ఆ లెక్కల్లోకి రాలేదు.

‘నువ్వు చదువుకున్నవు, నీకు దక్కింది’ అంటరు కొందరు. గర్భసంచికి డిగ్రీ తెలుసా? నా సెలవు పాపం కాదు, దాన్ని వదులుకుంటే ఆమెకు రాదు. కాని అది నా తెలివికి దక్కిన బహుమానమనుకున్ననాడు నేనూ దొరసానినే. అందరి ఒంటికీ కావలసింది కొందరికే దొరికితే దాన్ని హక్కు అని ఎట్ల అంటం?

ఆమె బిడ్డను మా ఇంటికే తెమ్మన్న. ఆమె మిగిలిన ఇండ్లు చేసి వచ్చేదాక ఆ పిల్ల నా బిడ్డ పక్కనే పండుకునేది. ఏడిస్తే నా పాలే ఇచ్చిన. పెద్దబిడ్డ మళ్ళ బడికి పోయింది. నాకు నేనే గొప్పగా అనిపించిన.

180 రోజులు అయిపోయినయి. నేను బడికి పోయిన. నా బిడ్డను చూసుకోను అమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఇద్దరిని చూసే శక్తి ఆమెకు లేదు. ఆ పదేండ్ల పిల్ల మళ్ళ బడి మానింది. నా మంచితనం నా సెలవంత పొడుగే ఉండె.

అందుకే ఇది మంచితనానికి వదిలేసే సంగతి కాదు. ఇంటిపని చేసే తల్లికి జీతంతో సెలవు కావాలె, బస్తీల పిల్లల్ని చూసే తావు కావాలె. ప్రభుత్వం మొయ్యాలె, పని చేయించుకునే ఇల్లు కూడా మొయ్యాలె.

మీటింగులకు పోయే అన్నలారా, అక్కలారా, ముందుగాల నన్ను నేను అడుక్కున్నదే మిమ్ముల అడుగుతున్న. మీ ఇంట్ల గిన్నెలు కడిగే ఆమెకు కాన్పయితే ఎన్ని రోజుల సెలవిచ్చిండ్రు?