కట్ట మేస్త్రీ

అనగనగా గార్ల దిక్కున ఒక కట్ట మేస్త్రీ ఉండేవాడు. ఎంత పెద్ద గండి పడిన చెరువైనా సరే, అతను పార పట్టాడంటే నీళ్లు నిలవాల్సిందే. ఆ పేరు పాకాల ఏటి వెంట మున్నేటికి, మున్నేటి వెంట కృష్ణకు పాకి, సముద్రపు మొగ దగ్గరున్న ఒక పల్లెకు చేరింది. అక్కడ ఏటేటా సముద్రం ఇళ్ల వైపు జరిగి వస్తోంది. పల్లెవాళ్లు మేస్త్రీని పిలిపించుకున్నారు. ఒడ్డునున్న మడ చెట్లను తామే వంటచెరకుకు కొట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

మేస్త్రీ రాతిగోడ లేపాడు. రాళ్ల బండ్లకు అడ్డమని మిగిలిన మడలను కూడా కొట్టించాడు. నీళ్లను ఆపడం తప్ప మరో విద్య ఎరగడు మరి. కొన్నాళ్లకు కెరటాలు గోడ కాళ్ల కింది ఇసుకను తోడేశాయి. గోడ ఒరిగింది. ఇంకా ఎత్తుగా కట్టాడు. అదీ ఒరిగింది.

పీతలు పట్టుకు బతికే ఒక ముసలమ్మ మాత్రం తన గుడిసె ముందరి నల్లమడలను కొట్టనివ్వలేదు. అక్కడ ఒడ్డు కదల్లేదు. పోటు దిగాక మేస్త్రీ వెళ్లి చూశాడు. బురదలోంచి చిటికెన వేలంత వేర్లు వేలకొద్దీ నిక్కి ఉన్నాయి. ఏరు తెచ్చిన ఒండ్రు వాటి నడుమ పేరుకుంది. చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి, పోటు నీళ్లు నిలిచిపోయి, ఎండకు ఉప్పు తేలి, రాలిన గింజ రాలినట్టే మాడుతోంది.

అతను మళ్లీ పార అందుకున్నాడు. పాయ నుంచి ఒక కాలువ, దానికి రెండు పక్కలా చేపముల్లులా పిల్లకాలువలు తవ్వాడు. సముద్రాన్ని ఆపమంటే దారి తవ్వి పిలుస్తున్నాడని పల్లె నవ్వింది. కూలి సగమే ఇచ్చింది. పోటు వచ్చిపోతూ ఉప్పును కడిగింది. ముసలమ్మ ఏరి తెచ్చిన గింజలు మొలిచాయి. కొన్నేళ్లకు అవి దట్టమయ్యాక ఉప్పెన వచ్చింది. కెరటం చెట్లలో జొరబడి, చీలి, నీరసించింది. ఇళ్లు తడిశాయి, కూలలేదు.

నీతి: గోడ కట్టిన ఎత్తులోనే ఉండిపోతుంది, మడ నేల మాత్రం ఒండ్రు అందినంతకాలం పెరిగే సముద్రంతోపాటు తానూ లేస్తుంది. కోరింగలోనూ కృష్ణా మొగలోనూ ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ ఊళ్లవాళ్లతో కలిసి ఈ చేపముల్లు కాలువలతోనే పాడైన మడలను తిరిగి పెంచింది. ఆ ఒండ్రులో పిడికెడు మన పాకాల ఏటిది కూడా. ఎగువన ఆనకట్టల వెనకే అది ఆగిపోతే, 1977 నవంబరు ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న, కృష్ణా మొగలోని దివిసీమకు మడ నాటుకుందామన్నా నేల మిగలదు.