బంగారు వలయం: కథ ఆటగా మారినప్పుడు

కౌలాలంపూర్ నగరంలో జలాన్ తున్ హెచ్.ఎస్. లీ అనే వీధిలో శ్రీ మహామారియమ్మన్ దేవాలయం ఉంది. దానికి దాదాపు ఎదురుగా ఒక చైనీయ దేవాలయం ఉంది. అక్కడ కొలువైనవాడు గువాన్ యూ. ఎర్రని ముఖం, గుండెల మీదికి జారిన గడ్డం, చేతిలో అర్ధచంద్రాకారపు అలుగు గల పొడవాటి ఆయుధం ఆయన గుర్తులు. ఆయన పురాణపురుషుడు కాడు. ఇంచుమించు 1,800 ఏళ్ళ క్రితం చైనాలో జీవించి, మాట తప్పని మిత్రుడిగా పేరుపొంది, కాలక్రమాన దైవమైన సేనాని. అమ్మవారి దర్శనం చేసుకుని ఆ గుడి ముందుగా నడిచి వస్తున్నప్పుడు, ఆయన ఎవరో మన పెద్దలలో చాలామందికి తెలియదు. పిల్లలకు తెలుసు. "ఈయన మా గేములో ఉన్నాడు" అంటారు. ఆయన గుర్రం పేరు కూడా చెబుతారు.

ఆ మాట వినగానే మనకు మొదట నవ్వు వస్తుంది, తరువాత కొంత దిగులు కలుగుతుంది. ఒకరు ధూపం వెలిగించి మొక్కే మూర్తిని మరొకరు బొటనవేళ్ళతో ఆడించవచ్చునా? గ్రంథంలో ఉన్న కథ ఆటగా మారితే దానిలోని ధర్మం నిలుస్తుందా, కరిగిపోతుందా? ఈ ప్రశ్న పొరుగువారిది మాత్రమే కాదు. మన రాముడూ, హనుమంతుడూ ఇప్పటికే బొమ్మల కథలలోకీ, తెర మీది ఆటలలోకీ వెళ్ళిపోయారు. అయితే ఈ దారిలో చైనీయ మహానవలలు మనకంటే చాలా దూరం నడిచాయి. కనుక వాటిని చూసి నేర్చుకోవడం మంచిది.

ఆ నవలలలో మూడింటిని ఇక్కడ తలచుకుందాం. 14వ శతాబ్దపు రచయిత లువో గువాన్‌జోంగ్ పేరిట ఉన్న 'మూడు రాజ్యాల గాథ' మొదటిది. నూట ఎనిమిది మంది తిరుగుబాటు వీరుల కథ అయిన 'నీటి అంచు' రెండవది. 1592లో అచ్చయి, వు చెంగెన్ రచనగా ప్రసిద్ధికెక్కిన 'పశ్చిమ యాత్ర' మూడవది. వీటిని మూలగ్రంథాలని అంటాము గానీ, నిజానికి ఇవన్నీ మళ్ళీ చెప్పిన కథలే.

'పశ్చిమ యాత్ర'నే చూడండి. దానికి ఆధారం, మన పాఠ్యపుస్తకాలు హుయాన్‌త్సాంగ్ అని పిలిచే షువాన్‌జాంగ్ జీవితం. బౌద్ధ గ్రంథాల కోసం ఆయన భారతదేశానికి వచ్చి, నలందలో చదువుకుని, దక్షిణాన కృష్ణాతీరంలోని ధాన్యకటకం దాకా నడిచాడు. 645లో స్వదేశానికి 657 గ్రంథాలతో తిరిగి వెళ్ళాడు. దేశం దాటరాదన్న రాజాజ్ఞను ధిక్కరించి ఒంటరిగా బయలుదేరిన ధీరుడాయన. నవలలోనో, చక్రవర్తే ఆయనను సాగనంపుతాడు. అడుగడుగునా ఆయన భయపడతాడు, కన్నీరు పెడతాడు. ఆయనను కాపాడే పని సున్ వుకోంగ్ అనే కోతిది. ఈ కోతికి మన హనుమంతుడు మూలమని 1923లో హు షీ అనే పండితుడు భావించాడు. కాదు, చైనాలోనే పుట్టిన ఒక నీటి వానరపు కథ మూలమని లూ షున్ వాదించాడు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

చరిత్రలోని ధీరుడిని పిరికివాడిగా చూపిన నవలను చైనీయులు ద్రోహమని తోసిపుచ్చలేదు, నాలుగు శతాబ్దాలకు పైగా గుండెకు హత్తుకున్నారు. మనకూ ఇది కొత్త కాదు. వ్యాసభారతంలో లేని శశిరేఖా పరిణయాన్ని 'మాయాబజార్' చిత్రంగా 1957 నుండి ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నాము. కాబట్టి "మార్చారు" అన్న ఒక్క మాటతో ఆటలను తప్పుపట్టలేము. కథకు మార్పు ప్రాణం. ఏది మారింది, ఏది మిగిలింది అన్నదే అసలు విచారణ.

ఈ కథలు జపానుకు చేరాయి. బాకిన్ అనే రచయిత 'నీటి అంచు' ప్రభావంతో, ఎనిమిది సద్గుణాలకు ప్రతీకలైన ఎనిమిది మంది వీరుల కథను 1814 నుండి 1842 వరకు వ్రాశాడు. చూపు పోయిన తరువాత చివరి భాగాలను కోడలికి చెప్పి వ్రాయించాడు. 1984లో మొదలైన 'డ్రాగన్ బాల్' బొమ్మల కథలోని గోకు, పేరులోనూ పుట్టుకలోనూ సున్ వుకోంగే. 1985లో కోయీ అనే సంస్థ 'మూడు రాజ్యాల గాథ'ను కంప్యూటరు ఆటగా చేసింది. 2019లో బ్రిటన్‌లోని మరొక సంస్థ అదే గాథతో పెద్ద యుద్ధపు ఆటను తెచ్చింది. 2024 ఆగస్టు 20న చైనాలోనే తయారైన 'బ్లాక్ మిత్: వుకోంగ్' విడుదలైంది. మూడు రోజులలో కోటి ప్రతులు అమ్ముడైనట్టు దానిని నిర్మించిన సంస్థ ప్రకటించింది.

చదవడానికీ ఆడడానికీ ఉన్న భేదం ఒక ఘట్టంలో స్పష్టంగా కనబడుతుంది. 208వ సంవత్సరంలో త్సావ్ త్సావ్ మహాసైన్యం తరుముకొస్తుంటే లియూ బెయ్ అనే నాయకుడు దక్షిణానికి తరలిపోతున్నాడు. ఆయన మీద నమ్మకంతో లక్షకు పైగా ప్రజలు ముసలివారితో, పిల్లలతో, మూటాముల్లెలతో వెంటనడిచారు. రోజుకు కొద్ది మైళ్ళు కూడా సాగడం లేదు. వారిని వదిలి ముందుకు పొమ్మని సేనానులు వేడుకున్నారు. నన్ను నమ్మి వచ్చినవారిని ఎలా విడువనని ఆయన ఒప్పుకోలేదు. చివరకు శత్రువు అందుకున్నాడు, జనం చెల్లాచెదురయ్యారు. నవల ప్రకారం భార్య ప్రాణాలు విడిచింది. పసికందును జావ్ యున్ అనే వీరుడు తన గుండెకు కట్టుకుని శత్రుసేనను చీల్చుకుంటూ తెచ్చాడు.

ఈ కథ చెప్పినప్పుడు మా ఇంటి పిల్లవాడు, "నాన్నా, ఆ జనాన్ని వదిలేసి ఉంటే ఆయన తప్పించుకునేవాడు కదా! నేనైతే అలాగే ఆడతాను" అన్నాడు. వాడి మాటలో దుర్మార్గం లేదు. ఆటలో ప్రతి వీరుడికీ పరాక్రమం ఇంత, బుద్ధి ఇంత, రాజనీతి ఇంత అని నూటికి మార్కులుంటాయి. ధాన్యానికి లెక్క ఉంది, సైనికులకు లెక్క ఉంది. లెక్క ఉన్నదానిని పెంచుకోవడం ఆటగాడి పని. బాట పక్కన కూలబడిన ముసలమ్మకు లెక్క లేదు కనుక ఆమె ఆటలో లేదు. ఆటల మీద మనకు ఉండవలసిన మొదటి సందేహం ఇదే. అవి హింసను చూపుతాయని మాత్రమే కాదు, యుద్ధాన్ని మన పర్వాలూ దాచలేదు. కొలవగలిగినదే విలువైనదన్న అలవాటును అవి చప్పుడు లేకుండా నేర్పుతాయి. లియూ బెయ్ ఓడిన ఆ నడకే ఆయనను పదిహేడు వందల ఏళ్ళకు పైగా జనహృదయంలో నిలిపింది. ఆ గెలుపును ఏ అంకె చూపగలదు?

అయినా ఆటకు రెండవ పక్షం ఉంది. దానిని చెప్పకపోతే న్యాయం కాదు. నవలలో ఒకనాడు త్సావ్ త్సావ్ పారిపోతూ తండ్రి మిత్రుడి ఇంట తలదాచుకుంటాడు. పెరటిలో కత్తులు నూరుతున్న శబ్దం విని, తనను చంపబోతున్నారని అనుమానించి ఇంటివారందరినీ నరుకుతాడు. తరువాత చూస్తే అక్కడ కట్టివేసిన పంది ఉంది. అతిథికి విందు చేయాలని వారు కత్తులు నూరారు. పారిపోతున్న దారిలో, ఆ విందు కోసమే మద్యం కొని తెస్తున్న ఇంటి యజమాని ఎదురైతే, ఆయననూ తెలిసి తెలిసి చంపుతాడు. ఇది చదివిన మనం త్సావ్ త్సావ్‌ను అసహ్యించుకుని, మనం అటువంటివారం కామని తృప్తితో పుస్తకం మూస్తాము.

ఆట ఆ తృప్తిని ఇవ్వదు. త్సావ్ త్సావ్ పక్షాన నిలిచి ఆడవచ్చు. అలా ఆడినవాడు కొంతసేపటికి తానూ అనుమానిస్తాడు, ముందుజాగ్రత్త పేరిట మిత్రుడిని ముంచుతాడు. ఇతరుల పాపం చూసి నేర్చుకునేది ఒకటి, తన చేయి ఎటు పోతుందో చూసి నేర్చుకునేది మరొకటి. 'దానవీరశూర కర్ణ'లో దుర్యోధనుడి వైపు నుండి భారతాన్ని చూసినప్పుడు మనకూ ఇటువంటి కలవరమే కలిగింది. ప్రతినాయకుడి పాదరక్షలు తొడుక్కుని నడవడం అధర్మం కాదు. నడుస్తున్నది ఎవరి పాదరక్షలతోనో మరచిపోవడం ప్రమాదం. మూలకథ తెలిసిన పిల్లవాడికి ఆ ఆట అద్దం. తెలియని పిల్లవాడికి అది అంకెల కుప్ప.

'నీటి అంచు' విషయం మరింత చిక్కైనది. అవినీతి అధికారుల వలన అన్యాయమైపోయిన నూట ఎనిమిది మంది వీరులు కొండకోటలో ఒక్కటవుతారు. తరువాత రాజు క్షమాభిక్షను నమ్మి, అతని కోసం యుద్ధాలు చేసి, ఎక్కువమంది నేలకొరుగుతారు. మిగిలిన నాయకుడు సోంగ్ జియాంగ్‌కు దుష్టమంత్రులు విషం కలిపిన మద్యం పంపుతారు. తాను తాగినది విషమని తెలిశాక, తన చావుకు పగగా తిరుగుబాటు చేస్తాడని భయపడి, ప్రాణమిత్రుడు లీ క్వేయ్‌కూ అదే మద్యం పోస్తాడు. రాజభక్తి ఎక్కడ ముగిసి అన్యాయానికి ఊడిగం ఎక్కడ మొదలవుతుందో తేల్చకుండానే కథ ముగుస్తుంది. 1995లో వచ్చిన 'సుయికోడెన్' అనే జపాను ఆటలో మాత్రం నూట ఎనిమిది మందినీ ఓపికగా కూడగట్టినవాడికి, మరణించిన ఆప్తుడు తిరిగి బ్రతికివస్తాడు. స్నేహాన్ని ఎవరినీ విడువక కాపాడుకుంటే ఫలం ఉంటుందని చెప్పే ఆ ముగింపు అందమైనదే. కానీ లోకంలో మంచితనానికి ఎల్లప్పుడూ బహుమానం రాదని, రాకపోయినా మంచిగా ఉండవలసిందేనా అని అడిగే ధైర్యం పాత నవలకే ఉంది. పిల్లలకు ఓదార్పూ కావాలి, ఆ కఠినమైన ప్రశ్నా కావాలి. ఒకటి ఆట ఇస్తే రెండవది మనం ఇవ్వాలి.

చివరిగా కోతి వద్దకు వద్దాం. వుకోంగ్ అంటే శూన్యాన్ని ఎరిగినవాడని అర్థం. రాతి నుండి పుట్టి, విద్యలన్నీ నేర్చి, స్వర్గాన్ని గడగడలాడించి, కొండ కింద ఐదు వందల ఏళ్ళు బందీ అవుతాడు. యాత్రికుడి శిష్యుడైన తొలినాళ్ళలో దారి కాచిన ఆరుగురు దొంగలను ఒక్క పెట్టున చంపుతాడు. కన్ను, చెవి, ముక్కు, నాలుక, మనసు, శరీరం అనే వాటి మీదనే ఆ దొంగలకు పేర్లు పెట్టారు. ఇంద్రియాలను జయించాడని మెచ్చుకోవలసిన చోట గురువు మందలిస్తాడు, శిష్యుడు అలిగి వెళ్ళిపోతాడు. తిరిగి వచ్చినప్పుడు అతని తలకు బంగారు వలయం పడుతుంది. గురువు మంత్రం చదివితే అది బిగుసుకుని భరించరాని నొప్పి పుడుతుంది. శక్తి ఉన్నవాడికి నిగ్రహం కావాలని, మొదట అది బయటి నుండే వస్తుందని దాని భావం.

వుకోంగ్ వారసులలో చాలామందికి బలం మిగిలింది, వలయం పోయింది. ఎగరడం, కొట్టడం, ప్రతి పోరులోనూ మరింత బలవంతుడు కావడం, ఇవి ఆడించడానికి సులువు. నిగ్రహాన్ని ఆడించడం కష్టం. 'బ్లాక్ మిత్' తయారుచేసినవారు ఈ చిక్కును ఎరిగినవారే. ఆ ఆటను మామూలుగా ముగిస్తే వలయం మళ్ళీ తల మీదికి వస్తుంది. మరింత వెదికి, మరుగున ఉన్న దారులన్నీ నడిచినవాడికి వలయం లేని ఇంకొక ముగింపు దొరుకుతుంది. స్వేచ్ఛ అంటే వలయాన్ని తప్పించుకోవడమా అన్న ప్రశ్నను వారు ఆటగాడి ముందే పెట్టారు.

ఆ ప్రశ్నకు నవల నూరవ అధ్యాయంలో తన సమాధానం చెప్పి ఉంది. యాత్ర ముగిసి బుద్ధత్వం పొందాక, ఇక ఈ వలయాన్ని తీసివేయమని వుకోంగ్ గురువును అడుగుతాడు. తల తడిమి చూసుకొమ్మంటాడు గురువు. వలయం లేదు. ఎవరూ తీయలేదు, ఎవరూ విరగ్గొట్టలేదు. అవసరం తీరిన క్షణాన అది లేకుండా పోయింది.

మన ఇళ్ళలో పిల్లలకు మనం పెట్టే హద్దులు కూడా ఇటువంటి వలయాలే. ఎన్ని గంటలు ఆడాలో చెప్పడం అవసరమే గానీ, ఆ వలయం ఎప్పటికీ తల మీద ఉండదు, ఉండకూడదు. అది పోయేనాటికి లోపల ఏదో ఒకటి ఏర్పడి ఉండాలి. అందుకు ఉపాయం ఆటను లాక్కోవడం కాదు, ఆట పక్కన కూర్చుని కథ చెప్పడం. గువాన్ యూ గుర్రం పేరు వారు మనకు చెబితే, ఆయన ఏ మాట కోసం నిలబడ్డాడో మనం వారికి చెప్పాలి. వుకోంగ్ దండం వాళ్ళు చూపిస్తే, గదాధారి అయిన మన హనుమంతుడు అంత బలమూ పెట్టుకుని రాముడి ముందు చేతులు ఎందుకు జోడించాడో మనం అడగాలి.

మా పిల్లవాడు తరువాత ఒక సాయంత్రం లియూ బెయ్ పక్షాన ఆడుతూ ఆగి, "నాన్నా, ఇందులో జనాన్ని వెంట తీసుకువెళ్ళే మీట లేదు" అన్నాడు. ఆట చూపలేనిది ఏదో వాడి కంటికి కనబడింది. ఆ లోటు తెలిసినంతకాలం కథ ఎక్కడికీ పోలేదని మా నమ్మకం.