అరుగుమీది సమత్వము

సమత్వమునుగూర్చి మాటలాడుట నేటి విద్యావంతులకు సులభమైన వ్యాసంగము. కోటీశ్వరులపై పన్నులు హెచ్చింపవలెననియు, శ్రామికునకు న్యాయమైన వేతనము లభింపవలెననియు, ఆస్తి కొందఱి చేతులలోనే కూడుట దేశమునకు కీడనియు సాయంకాలపు టరుగులపై మనము చెప్పుకొనుచుందుము. ఈ యభిప్రాయములు తప్పని నే ననను, ఒప్పే. కాని వీనిని చెప్పినవానికి దమ్మిడీ వ్యయము లేదు. ఇచ్చువాడు వేఱొక డైనప్పుడు ఎంత యిచ్చుట న్యాయమో నిర్ణయించుట యెవరికిని కష్టము కాదు. ఇచ్చువారము మనమే యైనచోట మన న్యాయబుద్ధి యెట్లుండును?

అట్టి చోటు ప్రతి మధ్యతరగతి యింటిలోను గలదు. అంట్లు తోమి, ఇల్లూడ్చి, బట్టలుతుకు పనిమనిషికి మన మిచ్చు జీతము దేనినిబట్టి యేర్పడినది? ఆమె కుటుంబమునకు గావలసిన బియ్యపు ధరనుబట్టియా? ఆమె పనిచేయు గంటలనుబట్టియా? కాదు, ప్రక్కయింటివా రిచ్చుదానినిబట్టి. ప్రక్కయింటివారు మన యింటిని చూచి నిర్ణయించిరి.

ప్రభుత్వోద్యోగి సంగతి చూడుడు. ధరలు పెరిగినకొలది అతనికి కరవుభత్యము పెరుగును. కేంద్రప్రభుత్వపు టుద్యోగులకు జనవరి 1, జూలై 1 తేదీలనుండి ఏటికి రెండుమారులు దీనిని సవరింతురు. ఉత్తర్వు ఆలస్యమైనచో బకాయిలకై యతడు చేయు నలజడి న్యాయమైనదే. కాని యతని యింట పనిచేయు స్త్రీయు ఆ యంగడిలోనే కందిపప్పు కొనునుగదా! ఆమె జీతము పెంపుమని యడిగినప్పుడు ఆ ధరల లెక్క యేల జ్ఞప్తికి రాదు? “వీరి కిప్పు డాశ హెచ్చినది” అను మాటయే వచ్చును.

చట్టముకూడ ఈ గుమ్మము దాటుటకు చాలకాలము సంకోచించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కర్మాగారపు కార్మికునకు వారమున కొకదినము సెలవు నిచ్చెను. ఇంటిపనివారు కనీస వేతనముల పట్టికలో చేరుటకు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007 వఱకు ఆగవలసివచ్చెను. అంతర్జాతీయ కార్మికసంస్థ 2011 జూన్‌లో గృహశ్రామికులకై 189వ యొడంబడికను ఆమోదించినప్పుడు భారతదేశము దాని కనుకూలముగ వోటు వేసెను. పిదప దానిని ధ్రువపఱచుట మాత్రము జరుగలేదు. దేశముకూడ మనవలెనే అరుగుమీద మాటలాడినది కాబోలు!

“ఆమె మా యింటి మనిషివంటిది” అందురు. ఈ వాక్యమును నేను మిక్కిలి శంకింతును. ఇంటిమనిషికి జ్వరము వచ్చినచో జీతము కోయుదురా? ఇంటిమనిషికి వేఱు గ్లాసుండునా? పాతచీరయు నిన్నటి కూరయు ప్రేమతో నిచ్చినవే కావచ్చును. కాని వానిని జీతపు లెక్కలో జమకట్టుకొనుట యే ధర్మము?

“మా రాబడియే చాలదు, ఎక్కడనుండి తెత్తుము?” అని కొంద ఱందురు. ఇది బూటకము కాదు. అద్దెయు, పిల్లల ఫీజులును ఎట్లు మ్రింగుచున్నవో యెల్లరకు దెలియును. అయినను రాబడి చాలనివాడు బియ్యపు వర్తకుని సగము ధర కిమ్మనడు. తక్కువ బియ్యము కొనును. అట్లే తక్కువ పని చేయించుకొని, మిగిలినది తానే చేసికొనవచ్చును. అభ్యుదయవాదియైన గృహస్థుడు చీపురు పట్టుట మాత్ర మరుదు. జీతపు బేరమును గృహిణికి వదలి, సిద్ధాంతమును తాను నిర్మలముగ నుంచుకొనుట యతని యలవాటు. పిసినారి యను పేరు ఆమెకే వచ్చును.

సంక్రాంతి మనకు సెలవు. ఆనాడు పనిమనిషికి అంట్లు రెట్టింపు. ఇక మే 1వ తేదీన కార్మికదినోత్సవ సభకు బయలుదేరువారిలో, ఆ యుదయము కాఫీగిన్నెలు తోమినయామెకు సెలవు కావలెనా యని యడిగిన వానిని నేను చూడలేదు.